డిస్నీ వరల్డ్ ప్రయాణంలో ఇంటి ఆనవాయితీలు: ఎలా మొదలుపెట్టాలి, ఎలా నిలబెట్టుకోవాలి

అమెరికాలో ఉండే తెలుగు కుటుంబాల్లో చాలామంది ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు ఒక్కసారితో ఆగరు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఇంకోసారి, అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిసి మరోసారి వెళ్తారు. టికెట్ల గురించి, రైడ్ల వరుస గురించి నెలల తరబడి లెక్కలు వేస్తారు. పిల్లలకు మాత్రం పదేళ్ల తర్వాత గుర్తుండేది ప్రతిసారీ మన ఇంట్లోవాళ్లు మాత్రమే చేసే చిన్న పనులు. వాటిని కూడా టికెట్లంత శ్రద్ధగా ముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఎలా పెట్టుకోవాలో, ఎక్కడ తప్పుతుందో ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

ఏ ఒక్క రైడ్ మీదా ఆనవాయితీ కట్టుకోకండి. రైడ్లు మారిపోతాయి. అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో స్ప్లాష్ మౌంటెన్ అనే నీటి రైడ్ దిగాక తడి బట్టలతో ఫోటో దిగడాన్ని అలవాటు చేసుకున్న ఇళ్లు ఎన్నో ఉండేవి. 2023 జనవరిలో అది మూతపడింది. అదే చోట 2024 జూన్ 28న టియానాస్ బయూ అడ్వెంచర్ తెరిచారు. 2025 జూలైలో లిబర్టీ స్క్వేర్ స్టీమర్ పడవ, దానితోపాటు టామ్ సాయర్ దీవి కూడా పోయాయి. ఇక రైడ్ ఉన్నా ఆ రోజు మరమ్మతులో ఉండొచ్చు, ఉరుములు వస్తే ఆపేయొచ్చు.

నిలిచేవి చోటు, వేళ, వస్తువు, తిండి. పొద్దున ఫెర్రీలో చెరువు దాటి పార్కుకు వెళ్లడం, మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని సిండరెల్లా కోట ముందు ఒకే చోట ఫోటో, ప్రతి ట్రిప్‌కు గుచ్చుకునే డిస్నీ బొమ్మల పిన్ ఒకటి, మొదటి రోజు ఇంటి పులిహోర. పావుగంటలో అయిపోవాలి, పెద్ద ఖర్చు ఉండకూడదు, వాన పడినా జరగాలి. ఈ మూడూ కుదిరితేనే పెట్టుకోండి.

మొదటి ట్రిప్‌కు మూడు చాలు. పది పెట్టుకుంటే రెండో రోజు మధ్యాహ్నానికి అది డ్యూటీ అయిపోతుంది, పిల్లలు విసుక్కుంటారు. మూడింటికీ తలా ఒకరిని బాధ్యులుగా పెట్టండి. ఫోటో నాన్నది, పిన్‌లు పెద్దమ్మాయివి, పులిహోర నానమ్మది అన్నట్టు. బాధ్యులు లేని ఆనవాయితీ అందరూ అలసిపోయిన రోజున మాయమైపోతుంది.

బయల్దేరక ముందు నెల రోజుల్లో

కాగితం గొలుసుతో మొదలుపెట్టొచ్చు. రంగు కాగితాన్ని అంగుళంన్నర వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఒకదానిలోంచి ఒకటి దూర్చి 30 లింకులు కట్టండి. రోజూ రాత్రి పడుకునే ముందు ఒకటి తెంచాలి. వట్టి లింకులైతే వారానికే ఆసక్తి పోతుంది. ప్రతి లింకు లోపలి వైపు ఒక చిన్న పని రాయండి: "రేపు షూ వేసుకుని ఇరవై నిమిషాలు నడక", "నీ పిన్‌లు లెక్కపెట్టు", "తాతయ్యకి ఫోన్ చేసి ఏం తెచ్చిపెట్టాలో అడుగు". నడక లింకులు మాత్రం మానకండి. పార్కులో రోజంతా తిరగడానికి కొత్త షూ కొనిచ్చి నేరుగా తీసుకెళ్తే మొదటి సాయంత్రానికే మడమలు బొబ్బలెక్కుతాయి.

రెండోది ఎత్తు కొలవడం. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, పార్కులో కన్నీళ్లు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో బార్న్‌స్టార్మర్‌కు 35 అంగుళాలు ఉండాలి, సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు 38, టియానాస్‌కు 40, స్పేస్ మౌంటెన్‌కు 44, ట్రాన్‌కు 48. నాలుగేళ్ల నుంచి పదేళ్ల దాకా పిల్లలు ఏడాదికి సుమారు రెండు, రెండున్నర అంగుళాలు పెరుగుతారు కాబట్టి దాదాపు ప్రతి ట్రిప్‌కూ ఒక కొత్త రైడ్ తలుపు తెరుచుకుంటుంది. ఇంతకంటే సహజమైన ఆనవాయితీ లేదు. ఇంట్లో ఒక గోడకు ఈ అంగుళాలన్నీ గీతలు గీసి, పక్కన రైడ్ పేర్లు రాయండి.

కొలిచేటప్పుడు పొద్దున కాకుండా సాయంత్రం కొలవండి. రోజంతా నిలబడి తిరిగేసరికి వెన్నుపూసల మధ్య భాగం కొద్దిగా అణిగి మనిషి సెంటీమీటరు దాకా కుంగుతాడు. పొద్దున గోడ దగ్గర సరిగ్గా 44 వచ్చిన బాబు మధ్యాహ్నం మూడింటికి రైడ్ గేటు దగ్గర 43 ముప్పావు ఉండొచ్చు. క్యూ మొదట్లో కొలిచినవాళ్లు రైడ్ ఎక్కే ముందు మళ్లీ కొలవొచ్చు కూడా. అందుకే సాయంత్రం కొలతలో కనీసం అర అంగుళం ఎక్కువ ఉంటేనే "ఈసారి నువ్వు ఎక్కుతావు" అని మాటివ్వండి. లేకపోతే "అక్కడికెళ్లి చూద్దాం" అనండి. గీత దాటినా దాటకపోయినా కొలత కర్ర పక్కన ఫోటో తీయాలి. దాటినప్పుడే తీస్తే అది పరీక్ష ఫలితం అవుతుంది, ప్రతిసారీ తీస్తే పెరిగిన లెక్క అవుతుంది.

ఇక ఎత్తు చాలని తమ్ముడు ఉంటే రైడర్ స్విచ్ ఉంది. గేటు దగ్గర ఉద్యోగికి చెబితే ఒకరు పిల్లవాడితో బయట ఉండి, మిగతావాళ్లు దిగాక మళ్లీ పెద్ద క్యూ లేకుండా వెళ్లొచ్చు. బయట ఉండే ఆ అరగంటను తమ్ముడి సొంత ఆనవాయితీ చేయండి: అమ్మతో ఇద్దరే ఒక మిక్కీ ఐస్‌క్రీమ్ బార్. అన్నయ్యకు దొరకనిది వాడికి దొరకాలి.

ఒకే రకం టీషర్టులు వేసుకోవడం చాలా ఇళ్లలో ఉంది. తెలుగులో ఇంటిపేరు వేయించుకుంటే బాగుంటుంది, కానీ ఇస్త్రీతో అంటించే వినైల్ షీటుతో ఇంట్లో చేసుకునేటప్పుడు ఒత్తులూ, గుడి దీర్ఘాలూ ముందు ఊడిపోతాయి. అవి సన్నగా, విడి ముక్కలుగా ఉంటాయి. లావు ఫాంటు తీసుకుని అక్షరం ఒకటిన్నర అంగుళానికి తగ్గకుండా చూడండి. కోసే ముందు డిజైన్‌ను అద్దంలో కనిపించినట్టు తిరగేయాలి. చొక్కాను ముందే ఒకసారి ఉతకాలి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకూడదు, వేస్తే వినైల్ పట్టదు. పన్నెండేళ్లు దాటినవాళ్లు వేసుకోమంటే బలవంతం చేయకండి. అందరూ ఒకే రంగు వేసుకుంటే చాలు, ఫోటోలో అదే కలుస్తుంది. అన్నట్టు, 14 ఏళ్లు, ఆపైవాళ్లు పాత్రల వేషాలు వేసుకుని రావడం పార్కులో కుదరదు.

మొదటి రోజు పొద్దున

కారులో వెళ్లేవాళ్లు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు నేరుగా చేరలేరు. ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర కారు పెట్టి, అక్కడినుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కాలి. మొదటి రోజు ఫెర్రీ ఎక్కండి. చెరువు మీద నుంచి కోట కొంచెం కొంచెంగా దగ్గరవుతుంది, పెద్దవాళ్లకు కుదుపు ఉండదు. మిగతా రోజుల్లో ఏ క్యూ తక్కువుంటే అది ఎక్కండి.

లోపలికి వెళ్లగానే మెయిన్ స్ట్రీట్ మొదట్లో సిటీ హాల్ ఉంటుంది. అక్కడ పుట్టినరోజు, మొదటిసారి రాక, పెళ్లిరోజు లాంటి సందర్భాలకు బటన్ బ్యాడ్జీలు ఉచితంగా ఇస్తారు. చాలా షాపుల్లోనూ, డిస్నీ హోటల్ రిసెప్షన్‌లోనూ దొరుకుతాయి. ఒక పర్మనెంట్ మార్కర్ వెంట తీసుకెళ్లి పేరు తెలుగులో మీరే రాయండి, కింద చిన్నగా ఇంగ్లిష్‌లో కూడా. ఉద్యోగులు పేరు చదివి పిలిచి శుభాకాంక్షలు చెబుతారు, అది తెలుగులో మాత్రమే ఉంటే పిలవలేరు. ఇండియా నుంచి మొదటిసారి వచ్చిన అమ్మమ్మకు బ్యాడ్జీ పెట్టడం మరిచిపోకండి. దారిపొడవునా ఎవరో ఒకరు పలకరిస్తూనే ఉంటారు.

తర్వాత ఫోటో. చోటు ఏదైనా పర్వాలేదు, ప్రతిసారీ అదే కావాలి. కోట ముందు వాల్ట్ డిస్నీ, మిక్కీ చేయి పట్టుకుని నిలబడ్డ విగ్రహం చాలామంది ఎంచుకునే చోటు. సంవత్సరాల ఫోటోలు పక్కపక్కన పెడితే కలవకపోవడానికి కారణం సాధారణంగా దూరం, ఎత్తు. ఒకసారి నిలబడి తీస్తారు, ఇంకోసారి మోకాళ్ల మీద. పాత ఫోటోను ఫోన్‌లో తెరిచి పెట్టుకుని, విగ్రహం పీఠం ఫ్రేములో ఎక్కడుందో చూసి అదే దూరంలో నిలబడండి. అక్కడ ఉండే ఫోటోపాస్ ఫోటోగ్రాఫర్లు, అంటే డిస్నీ సొంత ఫోటోగ్రాఫర్లు, అడిగితే మీ ఫోన్‌తో కూడా ఉచితంగా తీస్తారు, పాత ఫోటో చూపించండి. మెయిన్ స్ట్రీట్ వైపు నుంచి చూస్తే కోట ఉత్తరాన ఉంటుంది. పొద్దున ఎండ కుడివైపు నుంచి వస్తుంది, ముఖాల మీద సగం నీడ పడుతుంది. ఉదయం పదిన్నర దాటాక వెలుగు మెరుగవుతుంది కానీ జనమూ పెరుగుతారు. పార్కు తెరిచిన తొలి పది నిమిషాల్లో నీడతో తీసుకోవడమే మేలు. సెల్ఫీ స్టిక్కులు పార్కులోకి రానివ్వరు.

ఇంటి తిండి

డిస్నీ వరల్డ్ పార్కుల్లోకి మన తిండి తీసుకెళ్లొచ్చు. వేడి చేయాల్సిన అవసరం లేనిదై ఉండాలి, గాజు సీసాలు ఉండకూడదు, విడి ఐసు, డ్రై ఐసు కూడదు. మళ్లీ మళ్లీ వాడే ఐస్‌ప్యాక్‌లు వాడొచ్చు. బ్యాగు తనిఖీ దగ్గర ఆవకాయ గాజు సీసా ఆగిపోతుంది. దాన్ని ముందే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి.

పక్క ఊరు కిసిమీ వైపు వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు మొదటి రోజుకు చింతపండు పులిహోరే పెట్టుకోవాలి. నలుగురికి రెండు కప్పుల బియ్యం, పెద్ద నిమ్మకాయంత చింతపండు. పులుసు ముందురోజు రాత్రే నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకోండి. పొద్దున అన్నం పొడిపొడిగా వండి, వెడల్పు పళ్లెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే కలిపి డబ్బాకెత్తాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీళ్లు చేరి ముద్దవుతుంది, త్వరగా పాడవుతుంది. ఐస్‌ప్యాక్ ఉన్న బ్యాగులో పెట్టి పదకొండున్నరకల్లా తినేయండి. ఆ వేళకు నీడలో బల్లలు కూడా దొరుకుతాయి. పెరుగన్నం తేవాలంటే పాలు ఎక్కువ పోసి ఒక చెంచా పెరుగు మాత్రమే కలపండి. ఐస్‌ప్యాక్ లేకుండా మాత్రం వేసవిలో వద్దు, ఫ్లోరిడా జూలైలో మధ్యాహ్నం 32, 33 డిగ్రీలు మామూలే. కారప్పొడి, నూనె పట్టించిన చిన్న ఇడ్లీలు పిల్లలు నడుస్తూ తినేస్తారు. మంచినీళ్లకు డబ్బులు పెట్టకండి, కౌంటర్‌లో తిండి అమ్మే చోట అడిగితే కప్పుతో ఐసు నీళ్లు ఉచితం.

బయటి తిండిలో ఒక్కటే ఆనవాయితీగా పెట్టుకోవాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్‌లోని సనా రెస్టారెంట్‌కు వెళ్లండి. నాన్ లాంటి రొట్టెలు రకరకాల పచ్చళ్లతో, రైతాతో బ్రెడ్ సర్వీస్‌గా ఇస్తారు. కిటికీలోంచి జిరాఫీలు, జీబ్రాలు తిరిగే మైదానం కనిపిస్తుంది. శాకాహారులైన పెద్దవాళ్లు కడుపునిండా తినగలిగే చోట్లలో ఇదొకటి. 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. చీకటి పడ్డాక వెళ్తే జంతువులు సరిగా కనిపించవు, మధ్యాహ్నం వేళ తీసుకోండి.

పిన్‌లు: పిల్లలకు మొదటి వ్యాపారం

1999లో మొదలైన ఈ పిన్‌ల మార్పిడి ఖర్చు అదుపులో ఉంచుకుంటే ఎన్ని ట్రిప్‌లైనా నడుస్తుంది. ఉద్యోగులు, అంటే అక్కడి మాటలో కాస్ట్ మెంబర్లు, మెడలో వేసుకునే పట్టీకి, అంటే లాన్యార్డ్‌కు, పిన్‌లు పెట్టుకుని ఉంటారు. కొన్ని షాపుల్లో బోర్డు ఉంటుంది. మీ పిన్ ఇచ్చి వాళ్లది నచ్చినది తీసుకోవచ్చు. నియమాలు ఇవి: లోహపు పిన్ అయ్యుండాలి, వెనక డిస్నీ కాపీరైట్ గుర్తు ఉండాలి, వాళ్ల దగ్గర అప్పటికే ఉన్న పిన్ ఇవ్వకూడదు, ఒక్కసారి ఒక్కటే, ఒక ఉద్యోగితో రోజుకు రెండు. వాళ్ల లాన్యార్డ్‌ను ముట్టుకోకుండా వేలితో చూపించాలి. వెనక బిరడా పెట్టే ఇవ్వాలి, సూది గుచ్చుకుంటుంది కదా.

ఒక పిల్లకు పది మార్పిడి పిన్‌లు సరిపోతాయి. పార్కులో విడిగా కొనే పిన్‌లు ఖరీదు, ముందే లాన్యార్డ్‌తో కలిపి అమ్మే స్టార్టర్ సెట్ కొనడం మంచిది. ఆన్‌లైన్‌లో యాభై, వంద కలిపి చవగ్గా అమ్మే లాట్లలో ఎక్కువ భాగం నకిలీలు. రంగు గుంటపడి ఉంటుంది, అంచులు గరుగ్గా ఉంటాయి, వెనక మిక్కీ తలల డిజైన్ అంచు దాకా వెళ్లకుండా చుట్టూ గట్టు కనిపిస్తుంది. అవి కొని పిల్లల చేతికిస్తే తర్వాత వచ్చే పిల్లలకు నకిలీలు చేరతాయి. వద్దు.

రెండు రకాలు విడదీయండి. ఉంచుకునేవి ఎడమవైపు, మార్చేవి కుడివైపు. ఉంచుకునే వాటికి రబ్బరు బిరడా తీసేసి స్క్రూతో బిగించే లాకింగ్ బిరడాలు పెట్టండి. జనంలో రాసుకుని రబ్బరువి ఊడిపోతాయి, ఇష్టమైన పిన్ పోయిందని సాయంత్రం అంతా ఏడుపు. చివరి రోజు కొత్తగా వచ్చిన వాటిలో ఒక్కదాన్ని "ఈ ఏటి పిన్"గా పిల్లలే ఎంచుకోవాలి. వెనక చిన్న స్టిక్కర్ మీద సంవత్సరం రాసి పక్కన పెట్టండి. అది మళ్లీ మార్చకూడదు. సిగ్గుపడే పిల్లలైతే అడగాల్సిన వాక్యాన్ని ఇంట్లోనే నాలుగుసార్లు అనిపించండి. మొదటి మార్పిడికి పక్కన నిలబడండి, రెండోదానికి రెండడుగులు వెనక్కి.

సంతకాల పుస్తకానికి ఒక్క మాట: మిక్కీ లాంటి పాత్రల వేషాల్లో ఉండేవాళ్ల చేతి తొడుగులు లావు, సన్న పెన్ను పట్టదు, మూత తీయలేరు. లావుగా, నొక్కితే తెరుచుకునే మార్కర్ కొనండి. వరుసలో మీ వంతు రాకముందే పుస్తకం ఖాళీ పేజీ దగ్గర తెరిచి పట్టుకోవాలి. ఒంటి మీది చొక్కా మీద సంతకం చేయరు. యంత్రంలో ఒక సెంటు నాణేన్ని నొక్కి బొమ్మ అచ్చేసే పెన్నీలు సేకరించేవాళ్లు 1982కు ముందువి వెతకండి, వాటిలో 95 శాతం రాగి. తర్వాతి వాటిలో లోపల జింకు కాబట్టి సాగాక తెల్లటి గీతలు కనిపిస్తాయి.

పెద్దవాళ్లతో వెళ్తే

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు రైడ్ల చుట్టూ తిరగడం శిక్ష. వాళ్లకోసం సాయంత్రం 5 గంటల జెండా అవరోహణ పెట్టుకోండి. మ్యాజిక్ కింగ్‌డమ్ ప్రవేశంలోని టౌన్ స్క్వేర్‌లో సైన్యంలో పనిచేసిన ఒకరిని పిలిచి ఆ రోజు జెండాను గౌరవంగా దించుతారు. పావుగంట ముందే వెళ్తే బెంచీ దొరుకుతుంది. వీల్‌చైర్, ఎలక్ట్రిక్ బండి పార్కు ప్రవేశం దగ్గర అద్దెకు ఇస్తారు. బండ్లు కొన్నే ఉంటాయి, ముందు వచ్చినవాళ్లకు ముందు. జెండా చూసే రోజు తప్ప మిగతా రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా హోటల్‌కు వెళ్లి నిద్రపోవడాన్ని కూడా నియమంగా పెట్టుకోండి. వేసవిలో ఉరుముల వాన వచ్చే వేళా సరిగ్గా అదే.

ఎప్‌కాట్ అనే పార్కులో చెరువు చుట్టూ 11 దేశాల మండపాలు ఉంటాయి, మొత్తం 1.2 మైళ్లు. ప్రతి దేశం దగ్గరా కిడ్‌కాట్ బల్ల మీద పిల్లలకు ఉచితంగా కార్డు ఇస్తారు. ఒక్కరోజే 11 పూర్తిచేయాలని పట్టుబట్టకండి, నార్వే, చైనా దాటేసరికి అలసిపోతారు. ఒక ట్రిప్‌లో మెక్సికో వైపు నుంచి, ఇంకో ట్రిప్‌లో కెనడా వైపు నుంచి మొదలుపెట్టండి. తాతయ్య ఒక దేశం గురించి తనకు తెలిసింది చెప్పాలి, మనవరాలు కార్డు తెచ్చుకోవాలి. యానిమల్ కింగ్‌డమ్‌లో ఇలాంటిదే వైల్డర్‌నెస్ ఎక్స్‌ప్లోరర్స్ పుస్తకం ఇస్తారు, అదీ ఉచితం. ఒక్కో చోట చిన్న పని చేస్తే ఒక్కో బ్యాడ్జీ స్టిక్కర్. పూర్తికాని పుస్తకం దాచుకుని వచ్చేసారి తెచ్చుకోవచ్చు.

చివరి రాత్రి, తర్వాత

చివరి రాత్రి బాణసంచా అయిపోగానే గేటు వైపు పరుగెత్తకండి. అందరూ ఒకేసారి కదులుతారు, స్ట్రోలర్ల మధ్య నిలబడాల్సిందే. ఒక ఐస్‌క్రీమ్ కొనుక్కుని కోట ఎదురుగా కూర్చుని, తలా ఒకరు ఈ ట్రిప్‌లో తమకు నచ్చిన ఒకటి, నచ్చని ఒకటి చెప్పండి. చిన్నవాళ్లు ముందు. పెద్దవాళ్లు ముందు చెబితే పిల్లలు అదే తిరిగి చెబుతారు. ముప్పావు గంటలో గుంపు పలచబడుతుంది. చెప్పినవన్నీ అప్పుడే ఫోన్‌లో రాసుకోండి.

సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లకు ఇంకో సులువైన దారి ఉంది. కొలువులో ఏటా కనీసం ఒక కొత్త బొమ్మ చేర్చాలి కదా, ఆ ఏటి బొమ్మను ఇక్కడినుంచే తెచ్చుకోండి. మూడు నాలుగు అంగుళాలకు మించనివ్వకండి, మెట్టు మీద మిగతావాటిని మింగేస్తుంది. గట్టి రెజిన్‌దైతే చేతి సామానులో మేజోడులో చుట్టి తేవాలి. అడుగున సంవత్సరం, ఎంచుకున్నవారి పేరు రాయండి. పేరంటానికి వచ్చినవాళ్లు అడిగినప్పుడు ఆ బొమ్మ గురించి చెప్పే పని పిల్లలదే.

ఇంటికి చేరిన వారంలోగా ఒక డబ్బా సర్దండి. లాన్యార్డులు, మార్కర్, మిగిలిన మార్పిడి పిన్‌లు, సగం నిండిన స్టిక్కర్ పుస్తకం, కోట ముందు ఫోటో ప్రింటు. ప్రింటు వెనక తేదీ, ఒక్కొక్కరి ఎత్తు, ఏ చొక్కా అక్షరాలు ఊడాయో, పులిహోర చాలిందో మిగిలిందో రాయండి. ఆనవాయితీల్లో ఒకటి ఎవరికీ నచ్చకపోతే అక్కడే కొట్టేసి, దాని బదులు ఏం పెట్టాలో పిల్లలను అడిగి పక్కన రాయించండి.